టెలేసియాకు వచ్చిన మార్కులు

టెలేసియా ఎంత గొప్ప మనిషో చెప్పమంటే, ముందు ఆమె ఏ వాకిట్లో నిలబడి ఉందో చెప్పాలి. వాకిలి తెలియకుండా ఈ వవావు దీవుల్లో ఎవరి గొప్పా ఎవరూ చెప్పలేరు. చెప్పగలనన్నవాడు పరాయివాడన్నా అయి ఉండాలి, తాగి అన్నా ఉండాలి.

అన్న కెలేపి వాకిట్లో అయితే ఆమెను మించినవాళ్ళు లేరు. కెలేపి తన ఊరికి పెద్ద, చిన్నపాటి దొర. అయినా చెల్లెలు వస్తోందంటే ఆయనే లేచి పక్కకు తప్పుకుంటాడు. ఆయన పిల్లలకు మేనత్త అంటే తల్లికన్నా తండ్రికన్నా పైమెట్టు. పోయినేడు కెలేపి కూతురి పెళ్ళిలో మంచి మంచి చాపలన్నీ తెచ్చి టెలేసియా ముందు పరిచారు. అంతస్తుల కేకులో పై అంతస్తు ఆమెకే ఇచ్చారు. అంత కేకు ఆమె ఏం చేసుకుంటుందని ఎవరూ ఆలోచించలేదు.

భర్త వాకిట్లో అయితే ఆమె అట్టడుగు. భర్త ఫెలేతి పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఆ ఇంటికి పెద్ద ఫెలేతి అక్క లతాయి. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మొగుడు పోయినా ఆ అర్ధమొగుడు మాత్రం టెలేసియాకు నిక్షేపంగా మిగిలింది. అత్తగారు పోయినప్పుడు ఇంటిల్లిపాదీ నడుముకు చాపలు చుట్టుకున్నారు. చాప ఎంత పెద్దదీ, ఎంత చిరుగులదీ అయితే మనిషి అంత తక్కువ. టెలేసియా చాప రొమ్ముల దాకా వచ్చింది. జుట్టు విరబోసుకుని, గుంటపొయ్యి పొగలో కళ్ళు నలుపుకుంటూ ఊరందరికీ వండింది. శవం దగ్గరికి వెళ్ళే హక్కు కూడా ఆమెకు లేదు. అందులో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. కోడలన్నాక అంతే.

ఆమెకు మింగుడుపడనిది వేరే ఉంది. కాపురానికి వచ్చిన నాటినుంచీ లతాయి ఆమెను పొగుడుతూనే ఉంది.

మా దీవుల్లో మర్యాద తెలిసినవాళ్ళు తమవాళ్ళను పొగడరు. మా పంది బక్కది, మా వాడు సోమరి, మా కంద ఉడకలేదు, ఏమనుకోకండి అంటారు. పొగిడేది పరాయివాళ్ళను. లతాయి తన చెల్లెళ్ళనూ మేనకోడళ్ళనూ చుట్టాల ముందు నోరారా తిట్టేది. టెలేసియా దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతులో తేనె పోసుకునేది. “టెలేసియాగారు దొరలింటి బిడ్డ. మా అదృష్టం బాగుండి మా ఇంట కాలుపెట్టారు. ఆవిడ చేతి వంట తిన్నవాడు ఇంకోచోట తినలేడు.” ఆ మాటలు అంటున్నప్పుడు దొరలింటి బిడ్డ వెనకాల గిన్నెలు తోముతూ ఉండేది. ఇన్నేళ్ళలో ఒక్క తిట్టు లేదు, ఒక్క ‘ఏమే’ లేదు. ఇంటికి వచ్చిన చుట్టానికి ఎంత మర్యాదో అంత మర్యాద.

పోనీ అన్న దగ్గరికి పోయి ఉండొచ్చు కదా అంటే, కెలేపి పాతకాలపు మనిషి. పెద్దయ్యాక అన్నా చెల్లెలూ ఒకే కప్పుకింద పడుకోకూడదు. ఆమె వెళితే ఆయన తన మంచం వదిలి వంటపాకలో నడుం వాలుస్తాడు. ఆయన ఉన్నచోట ఆమె గట్టిగా నవ్వకూడదు. ఆమె ఉన్నచోట ఆయన టీవీ పెట్టకూడదు. నాలుగు రోజులయ్యేసరికి ఇంట్లో అందరికీ ఊపిరాడదు. పై పీట మీద కూర్చున్న మనిషికి కాళ్ళు చాపుకునే వీలుండదు.

అలాంటి సమయంలో నేయాఫు పట్నంలో చర్చివాళ్ళు ఆడపిల్లల హాస్టల్ కట్టారు. బయటి దీవుల నుంచి చదువుకోడానికి వచ్చే పిల్లలకోసం. కర్టెన్లు కట్టడానికి వెళ్ళిన ఆడవాళ్ళలో టెలేసియా కూడా ఉంది. అక్కడ వార్డెన్ గది చూసింది. చిన్న గది, ఒక మంచం, కిటికీ, తలుపుకి లోపలివైపు గడియ. ఎవరూ చూడకుండా మంచం మీద కూర్చుని కాళ్ళు చాపింది. తనకు పైన ఎవరూ లేరు, కింద ఎవరూ లేరు. ఈ గది నాకు కావాలి అనుకుంది. బతుకులో ఏ వస్తువునూ ఆమె అంత గట్టిగా కోరుకోలేదు. మొగుణ్ణి కూడా పెద్దవాళ్ళే చూసి తెచ్చారు.

ఉద్యోగానికి అడిగింది. చర్చి కమిటీ సరేనంది. కానీ హాస్టల్‌కి సాయం చేసిన ఆక్లండ్‌వాళ్ళు ఒక షరతు పెట్టారు. ఆడపిల్లలను చూసుకునే మనిషికి తన మీద తనకు గౌరవం ఉండాలట. లేకపోతే పిల్లలకేం నేర్పుతుందని వాళ్ళ మాట. సబబే. ఆ గౌరవం ఎంతుందో కొలిచి చెప్పడానికి లోసలిన్ అనే అమ్మాయిని పంపారు. లోసలిన్ పుట్టింది ఇక్కడే, పెరిగింది ఆక్లండ్‌లో. మంచిపిల్ల. మాట మనదే గానీ చూపు అక్కడిది.

“ఇందులో తప్పూ ఒప్పూ ఏం లేదత్తా,” అంది లోసలిన్ కాగితం చేతికిస్తూ. “కొన్ని వాక్యాలుంటాయి. ఒక్కోదాని పక్కన నాలుగు గళ్ళు. గట్టిగా అవును, అవును, కాదు, అస్సలు కాదు. మీ మనసుకి ఏది అనిపిస్తే అక్కడ టిక్కు పెట్టడమే.”

“పరీక్షా అమ్మా?”

“అబ్బే, పరీక్ష కాదు.”

“మార్కులుంటాయా?”

“అంటే... ఉంటాయి.”

“మరి పరీక్షే కదమ్మా.”

మొదటి వాక్యం: నాలో మంచి గుణాలు చాలా ఉన్నాయి. టెలేసియా తలెత్తి చూసింది. సముద్రం దాటి వచ్చిన చదువుకున్న పిల్ల, చర్చివారి అతిథి, ఎదురుగా కూర్చుని ఉంది. ఆ పిల్ల ముఖం మీద తన గుణాలు ఏకరువు పెట్టుకోవడమా? ‘అస్సలు కాదు’ అని టిక్కు పెట్టింది. ఒక్కోసారి నేను ఎందుకూ కొరగాననిపిస్తుంది అన్నదానికి ‘గట్టిగా అవును’. ఆ టిక్కు కాస్త పెద్దదిగా పెట్టింది, మర్యాద కనబడాలని. నేను గర్వపడాల్సింది నాలో ఏమీ లేదు అన్నది చదివి ఈ కాగితం రాసినవాళ్ళెవరో పెద్దింటివాళ్ళే, పద్ధతి తెలుసు అనుకుంది.

ఒక్కచోట మాత్రం ఆగిపోయింది. నలుగురితో పోలిస్తే నేనూ సమానమే.

“ఏ నలుగురమ్మా?”

“ఎవరైనా సరే అత్తా. మామూలుగా, అందరూ.”

“మా అన్న పిల్లలా? మా ఆడబిడ్డా?”

“ఎవర్నీ తలుచుకోకండి. ఊరికే, మనుషులు.”

ఊరికే మనుషులు ఎవరో టెలేసియాకు తెలియలేదు. ఆమె చూసిన ప్రతి మనిషీ ఎవరికో మేనత్త, ఎవరికో కోడలు. ఎంతసేపు చూసినా సమానమైనవాళ్ళు ఒక్కరూ తట్టలేదు. చివరికి ‘అస్సలు కాదు’ పెట్టి, చక్కగా రాశానన్న తృప్తితో కాగితం ఇచ్చేసింది.

మర్నాడు లోసలిన్ కబురుపెట్టింది. ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది. కుర్చీ జరిపి పక్కనే కూర్చుని, చెయ్యి పట్టుకుని, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని అడిగింది. ఆకలేస్తోందా అంది. చచ్చిపోవాలనేమైనా అనిపిస్తోందా అని గొంతు తగ్గించి అడిగింది.

“అయ్యో, ఎవరు పోయారమ్మా?” అంది టెలేసియా కంగారుగా.

“ఎవరూ పోలేదత్తా. మీ మార్కులు... ఇంత తక్కువ నేనెక్కడా చూడలేదు.”

తక్కువగా ఉండటమే కదా పద్ధతి? టెలేసియాకు బుర్ర తిరిగింది. లోసలిన్ ఇంకో కాగితం ఇచ్చి, ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా నిజం రాయమంది. ‘నిజం’ అన్న మాట ముల్లులా దిగింది. నేను అబద్ధాలు రాశానంటోందా ఈ పిల్ల అనుకుంటూ, బస్సెక్కి నేరుగా అన్న ఊరికి పోయింది.

అన్నతో ఇలాంటివి మాట్లాడకూడదు. వదినకు, అంటే కెలేపి భార్యకు చెప్పింది. ఆమె మొగుడికి చెప్పింది. ఆయన మఫీని పిలిపించాడు. మఫీ ఆ ఇంటికి తరతరాలుగా మాటకారి. దొర తరఫున సభలో మాట్లాడేది, దొర గొప్ప దొర బదులు చెప్పేది ఆయనే. సంగతి విని ముసలాయన పళ్ళులేని నోటితో పడీ పడీ నవ్వాడు.

“నీ గొప్ప నువ్వే చెప్పుకోవాలంటనా తల్లీ? ఎవడి డప్పు వాడే కొట్టుకుంటే ఇక డప్పులవాడెందుకు? ఇలా తే ఆ కాగితం.”

“నా మనసులోది రాయాలంట, మఫీ మామా.”

“నీ మనసుకేం తెలుసు నీ సంగతి? దానికి నీ పొగే తెలుసు, నీ గిన్నెలే తెలుసు. మీ తాతగారి పడవ సంగతి తెలుసా దానికి?”

కళ్ళజోడు పెట్టుకుని, తాగుతున్న కావా కషాయం గిన్నె పక్కకు జరిపి, ఆయన గళ్ళన్నీ నింపేశాడు. మంచి గుణాలు గట్టిగా ఉన్నాయి. గర్వపడాల్సింది గట్టిగా ఉంది. కొరగాకపోవడం అస్సలు లేదు. సమానం దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం ఎర్రబడింది.

“నలుగురితో సమానమా? కెలేపిగారి చెల్లెలు నలుగురితో సమానమా! ఎంతమాట, ఎంతమాట! ఏ దరిద్రుడు రాశాడిది?” అంటూ ‘అస్సలు కాదు’ మీద కాగితం చిరిగేలా టిక్కు పెట్టాడు.

లోసలిన్ ఆ కాగితాన్ని మొదటి కాగితం పక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒకదాంట్లో అన్నీ అడుగునున్నాయి, ఇంకోదాంట్లో అన్నీ నడినెత్తినున్నాయి. సమానమన్నది మాత్రం రెండింట్లోనూ అస్సలు కాదే.

“ఇది మీరే రాశారా అత్తా?”

“మఫీ మామ రాశాడు.”

“మీ గురించి మీరు కదా రాయాలి!”

“నా గురించి నాకెలా తెలుస్తుందమ్మా?”

పాపం లోసలిన్ కణతలు నొక్కుకుంది. ఆ ఉద్యోగానికే ఇంకొకావిడ కూడా అడిగిందనీ, ఆక్లండ్‌లో ఉండి వచ్చిన ఆవిడ కాగితం చకచకా నింపి ఇచ్చిందనీ, మార్కులు అటూ ఇటూ కాకుండా కుదురుగా వచ్చాయనీ చెప్పింది. ఆమె చెడ్డది కాదు, దాచకుండా చెప్పింది. “కానీ నాకు మీరంటే ఇష్టం. ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం. ఈసారి మీ పక్కన ఎవరూ ఉండరు, నేను కూడా. ఆ గదిలో కూర్చోండి. తలుపేసుకోండి. మీరూ కాగితం, అంతే.”

ఆ గది అంటే వార్డెన్ గదే.

టెలేసియా లోపల గడియ పెట్టింది. మంచం మీద కూర్చుంది, కాళ్ళు చాపింది. నాలో మంచి గుణాలు చాలా ఉన్నాయి. ఉన్నాయా? కళ్ళు మూసుకుని తనను తాను చూద్దామనుకుంది. మేనకోడలు కనబడింది, చాపలు పరుస్తూ. ఆ పిల్లను పక్కకు జరిపింది. లతాయి కనబడింది. ఆవిణ్ణీ జరిపింది. ఫెలేతి కనబడ్డాడు, చచ్చి ఇన్నేళ్ళయినా చేపల వాసనతో. అతన్నీ జరిపింది. అందరూ పక్కకు తప్పుకున్నాక తను కనబడాలి కదా. కనబడలేదు. ఊడ్చిన గది ఒకటి కనబడింది, అంతే.

ఆమెకు భయం వేసింది. పొగలో వండుతున్నప్పుడు వేయని భయం, మొగుడు పోయిన రోజున వేయని భయం. ఈ గదిలో ఒంటరిగా గడియ పెట్టుకుని ఉంటే నేనెవరిని? ఇంత ముచ్చటపడి కోరుకున్నది దీనినేనా? అయినా గది బాగుంది. కిటికీలోంచి గాలి వస్తోంది. కాళ్ళకు హాయిగా ఉంది. హాయిగా ఉన్న కాళ్ళు చాపుకుని, కలం పట్టుకుని ఆమె అలాగే కూర్చుంది. కాగితం మీద ఒక్క టిక్కు పడలేదు.

అప్పుడు బయట వరండాలో గొంతు వినిపించింది. లతాయి గొంతు.

టెలేసియా గడియ తీసి సందులోంచి చూసింది. లతాయి పెద్దల ముందుకు వెళ్ళేటప్పుడు కట్టే కొత్త నడుముచాప కట్టుకుని, కొబ్బరిపాలతో వండిన ఆకుల పొట్లాల బుట్ట ముందు పెట్టుకుని, నేలమీద పరిచిన చాప మీద కూర్చుని ఉంది. లోసలిన్ ఎదురుగా కుర్చీలో ఇబ్బందిగా కదులుతోంది. లతాయి సభలో మాట్లాడినట్టు తలవంచి మాట్లాడుతోంది.

“బజార్లో చేపలమ్మేది అడిగిందమ్మా, మీ మరదలికి మార్కులు రావట్లేదంటగా అని. సిగ్గుతో తల వంచుకుని వచ్చాను. ఇదిగో ఈ ఉడకని కూర తెచ్చాను, కుక్కలకైనా వేసుకో. మా పనికిమాలినది నీ సమయమంతా పాడుచేసింది. దానికేం రాదమ్మా. నా చేతికిందకొచ్చి ముప్ఫై ఏళ్ళయింది, నేనే నేర్పలేకపోయాను. మొండిది, మొద్దుది. ఊళ్ళో అందరికీ మార్కులు తెచ్చేవాళ్ళుంటే మా కొంపకి ఇది దొరికింది. తప్పు మాది. మా చెత్త మేం తీసుకుపోతాం, దాన్నేం అనకు.”

టెలేసియా తలుపు పట్టుకుంది. మా పనికిమాలినది. మా చెత్త. ఏనాడూ తన మీద పడని మాటలు, ఇంటి పిల్లల మీద మాత్రమే పడే మాటలు, ఒకటి తర్వాత ఒకటి వచ్చి పడుతున్నాయి. ఎక్కడ నొప్పి పుట్టాలో అక్కడ చల్లగా ఉంది. ఇది కలేమో అనుకుంది. కళ్ళు తుడుచుకుంటే మళ్ళీ తడిశాయి.

లోసలిన్ విసురుగా గదిలోకి వచ్చి తలుపు మూసింది. ఆ పిల్ల కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి, కోపంతో.

“ఇప్పుడర్థమైందత్తా. మీ మార్కులు ఎందుకలా ఉన్నాయో ఇప్పుడర్థమైంది. ముప్ఫై ఏళ్ళు ఇలాగే అంటోందా ఆవిడ మిమ్మల్ని?”

“లేదమ్మా. ఇవాళే మొదటిసారి.”

“దాచకండి. వినండి, మార్కులతో ఇక పనిలేదు. ఆ ఇంట్లో మిమ్మల్ని ఇలా తిడుతున్నారని నేను కమిటీకి రాస్తాను. ఈ గది మీది. ఇవాళే ఉండిపోండి. మీరు ఊఁ అంటే చాలు.”

ఊఁ అంటే చాలు. గది, మంచం, గాలి, గడియ. టెలేసియా నోరు తెరిచింది. ఊఁ అంటే లతాయి మాటలు తిట్లయిపోతాయి, కాగితం మీద తిట్లుగానే ఉండిపోతాయి. కాదంటే గది పోతుంది. కోరుకున్న గది పిలిచి ఇస్తున్నారు. ఇన్నేళ్ళూ లతాయి నోట రాని మాటా ఇప్పుడే వచ్చింది. రెండూ ఒక్కసారే రావాలా దేవుడా, ఒక వారం ఆగి ఒకటి రాకూడదా అని ఆమెకు ఒళ్ళు మండింది.

“ఆవిడ నన్ను తిట్టలేదమ్మా,” అంది.

“నేను చెవులారా విన్నాను!”

“నువ్వు విన్నావు. కానీ...” చెప్పడం మాని కాగితం మంచం మీద పెట్టి బయటికి నడిచింది.

పద్ధతి ప్రకారం ఆమె లతాయి వెనకాల, చాప చివర కూర్చోవాలి. ఏమైందో ఏమో, వెళ్ళి పక్కనే, మోకాలికి మోకాలు తగిలేలా చతికిలబడింది. లతాయి కనుబొమ లేచింది. వెనకే వచ్చిన లోసలిన్ గుమ్మంలో నిలబడిపోయింది.

“అమ్మా లోసలిన్,” అంది టెలేసియా. “మా వదిన మాటలు పట్టించుకోకు. ముసలిదైపోయింది, చాదస్తం. కంద ఉడికిందో మాడిందో ఎరగదు. చర్చిలో ఈవిడ పాటెత్తుకుంటే పడుకున్న కుక్కలు కూడా లేచి బయటికిపోతాయి. ఇన్నేళ్ళు సర్దుకొచ్చాను, బాగుపడలేదు. మా ఇంటి లోపం. నువ్వేమీ అనుకోకు తల్లీ.”

కోడలు ఆడబిడ్డను ఇలా అనడం ఆ దీవిలో ఎవరూ విని ఉండరు. ఇక తనను ఆ ఇంట్లోంచీ ఈ గదిలోంచీ కూడా గెంటేస్తారని టెలేసియా తల వంచుకుంది. లతాయి ముక్కుపుటాలు అదిరాయి. తర్వాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి, “చూశావుగా అమ్మా, దీని నోరు,” అని లోసలిన్‌తో అని, చెప్పులు వేసుకుంది.

లోసలిన్ ఆమె వంకా ఈమె వంకా చూస్తుండగానే టెలేసియా కూడా లేచి లతాయి వెంట నడిచింది. ఆ వార్డెన్ ఉద్యోగం ఆక్లండ్ నుంచి వచ్చిన ఆవిడకే దక్కింది.

వదినా మరదళ్ళు ఇంటిదారి పట్టి రేవు దాటారు. చర్చి మలుపు దగ్గర లతాయి గిరుక్కున తిరిగింది.

“కుక్కలు బయటికిపోతాయా?”

ఎలాగూ మునిగాం కదా అనుకుంది టెలేసియా. “పోతాయి వదినా.”

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం మరి?” అంది లతాయి. “కాపురానికొచ్చిన నాటినుంచీ ఎవరొచ్చినా మా వదినగారు దేవత, మా వదినగారి మనసు వెన్న, ఇదేగా నీ పాట! ఒక్కనాడు, ఒక్కనాడన్నా ఒక్క మాట అన్నావా నన్ను? నా చెల్లెళ్ళంటారు, నా మేనకోడళ్ళంటారు. నువ్వు మాత్రం పొగడ్తే. సరేలే, దొరలింటి పిల్ల, మేం తనవాళ్ళమనిపించదు కాబోలు అని ఊరుకున్నాను. నేను మాత్రం ఏం చేయను, నువ్వెలా ఉంటే నేనూ అలాగే.”

టెలేసియా రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. నిజమే, పొగిడింది. ప్రతి చుట్టం ముందూ, ప్రతి పండక్కీ పొగిడింది. తక్కువ మనిషిని కదా, తిట్టే హక్కు నాకెక్కడిది అనుకుంది. వెనక్కి తిరిగి చూస్తే హాస్టల్ కిటికీ ఇంకా కనబడుతోంది. ఆ గది మీద ఆశ చావలేదు, ఇటు కాళ్ళు ముందుకు పడాలని లాగుతున్నాయి. ఏది పోయిందో ఏది వచ్చిందో లెక్క తెలియక, నడివీధిలో పసిపిల్లలా ఘొల్లుమంది.

రోడ్డు మీద పిట్ట కూడా లేదు. మర్యాద చూపించడానికి అతిథి లేడు, వినడానికి పరాయి మనిషి లేడు.

“ఏడవకే,” అంది లతాయి, తన ముక్కు తుడుచుకుంటూ. “పనికిమాలినదానా.”